మెడ మీది నలుపు మురికి కాదు

ఇల్లందు, కొత్తగూడెం మధ్యనున్న టేకులపల్లి వంటి అడవి అంచు ఊళ్ళలో పిల్లల ఊబకాయం గురించి రాస్తే కొందరు నవ్వుతారేమో! అక్కడ బక్కపిల్లలే ఎక్కువ గదా అంటారు. నిజమే. కానీ 2016-18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వే చూడండి. దేశంలో 10-19 ఏళ్ళ వారిలో అధిక బరువున్నది నూటికి సుమారు 5గురు. మధుమేహానికి ముందు మెట్టు మీద ఉన్నది మాత్రం సుమారు 10 మంది. అంటే సన్నగా కనిపించే పిల్లలూ అందులో ఉన్నారన్నమాట. మన శిశువులు తక్కువ బరువుతో పుట్టినా వారి ఒంట్లో కొవ్వు పాలు ఎక్కువని పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ ఏనాడో చూపించారు.

పనిచేసే కండరం రక్తంలోని చక్కెరను బాగా వాడుకుంటుంది. కదలని ఒంట్లో ఇన్సులిన్ మాట చెల్లదు. కొవ్వు పొట్టలో, కాలేయంలో చేరుతుంది. అలాంటి కొందరు పిల్లలకు మెడ వెనుక, చంకల్లో చర్మం నల్లబడి మందమవుతుంది. అమ్మలు మురికనుకొని సున్నిపిండితో రుద్దుతారు. అది రుద్దితే పోదు. డాక్టరుకు చూపించి రక్తపరీక్ష చేయించాలి.

5-17 ఏళ్ళ వారు రోజుకు సగటున 60 నిమిషాలు ఊపిరి వేగం పెరిగేలా ఆడాలని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మన పిల్లలకు ఆ గంట ఏదీ? పొద్దున ఆటో, పగలు బడి, సాయంత్రం ట్యూషన్, ఆపై అరబీ చదువు, మిగిలితే సెల్‌ఫోన్. బొగ్గు లారీలు తిరిగే రోడ్డు మీద సైకిలిచ్చి పంపాలంటే ఎవరికైనా భయమే, కాదనం.

మగపిల్లలు ఆదివారమైనా బ్యాటు పట్టుకొని పోతారు. మమ్మల్ని కలవరపెడుతున్నది ఆడపిల్లల సంగతే. పన్నెండేళ్ళు రాగానే "ఇంకా ఆటలేంటి, లోపలికి రా" అంటాం. మర్యాద మాట ఎత్తుతాం. దైవప్రవక్త (సల్లం) హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేసుకున్నారని అబూదావూద్ హదీసు గ్రంథంలో ఉంది. మొదటిసారి ఆమే గెలిచారు. కొంత ఒళ్ళు వచ్చాక జరిగిన పందెంలో ఆయన గెలిచారు. మరి మన పిల్లను ఆపుతున్నది ధర్మమా, ఇరుగుపొరుగు మాటా? పెరట్లో తాడాటకు, డాబా మీద తొక్కుడుబిళ్ళకు పైసా ఖర్చు లేదు.

శుక్రవారం బిర్యానీని మేము తప్పుపట్టడం లేదు, మాకూ ఇష్టమే. రోజూ చేతిలో పెట్టే కూల్‌డ్రింకుతోనే పేచీ. 300 మిల్లీలీటర్ల కోలాలో సుమారు 30 గ్రాముల చక్కెర ఉంటుంది. పెద్దలకే రోజు మొత్తానికి 25 గ్రాములు దాటకుంటే మరీ మేలంటున్నారు.

ఈ వారం బడికి వెళ్ళినప్పుడు ఆటల పీరియడులో ఆడిస్తున్నారా, లెక్కలు చేయిస్తున్నారా అని హెడ్మాస్టరుగారిని అడగండి. ఆడపిల్లల తండ్రులు ముందుగా అడగండి.