షోకేసులో యాంప్లిఫయర్

అద్దాల షోకేసు, పైన లేసు గుడ్డ, దానిమీద పూలకుండీ... చూడ్డానికి బాగానే ఉంటుంది. పాపం, లోపల యాంప్లిఫయర్‌కే ఊపిరాడదు! అందులో సాధారణంగా ముందు ముసలిదయ్యేది ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్. వేడికి దాన్లోని ద్రవం మెల్లగా ఇగిరిపోతుంది. వేడి 10 డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెట్టింపవుతుందని మోటు లెక్క. 85 డిగ్రీల దగ్గర 2,000 గంటలు పనిచేసేది 65 దగ్గర 8,000, 45 దగ్గర 32,000 గంటలు రావాలి. రోజుకు 4 గంటలు పాటలు వింటారనుకోండి... ఐదున్నరేళ్లకీ, దాదాపు ఇరవై రెండేళ్లకీ ఉన్నంత తేడా!

సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలికి సాకెట్లు చిలుమెక్కుతాయి. అప్పుడప్పుడూ తుడిపించాలి.

అలాగని వాడకుండా దాచినా చిక్కే. నాన్నగారి యాంప్లిఫయర్‌ని పదేళ్ల తర్వాత అటక దించి, ఉత్సాహం కొద్దీ నేరుగా ప్లగ్గులో పెట్టాను. 'టప్'మంది. ఏళ్లతరబడి కరెంటు తగలకపోతే కెపాసిటర్‌లోని ఆక్సైడ్ పొర బలహీనపడుతుంది. ఒక్కసారిగా పూర్తి వోల్టేజి ఇస్తే తట్టుకోలేదు.

"ముందు సిరీస్ బల్బు పెట్టి చూడాల్సింది సార్" అన్నాడు మెకానిక్. కెపాసిటర్లు మార్చాడు. ఇప్పుడది షోకేసులో లేదు, హాల్లో బల్లమీద ఉంది. పూలకుండీని టీవీ పక్కకి మార్చాం.