పడవ అడుగు చూసేదెవరు?

హైదరాబాద్ పాతబస్తీ: పాతబస్తీలో పడవతో పనేమిటని అడిగేవారికి 2020 అక్టోబరే జవాబు. ఆ నెల 13న కురిసిన కుండపోతకు పల్లెచెరువు పొంగి అలీనగర్, అల్ జుబైల్ కాలనీ నీట మునిగాయి. 17 రాత్రి బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి ఆ నీరు హఫీజ్ బాబానగర్ ఇళ్ళలోకి వచ్చింది. ఆటోలు తిరిగే వీధులలో పడవలు తిరిగాయి. ఉన్నవి చాలక ఆంధ్రప్రదేశ్ నుంచి మరబోట్లు తెప్పించుకోవలసి వచ్చింది. మళ్ళీ 2025 సెప్టెంబరు 26 రాత్రి మూసీ పొంగి ఇమ్లీబన్ బస్టాండులో ప్రయాణికులు చిక్కుకుపోయారు. మూసానగర్ వాసులు ఇళ్ళు వదిలి వెళ్ళారు.

ఈ నీరంతా ఎగువ పల్లెల మీదుగా వచ్చేదే. కట్ట తెగినప్పుడు ముందు మునిగేది కట్ట కింది ఇళ్ళు. లారీపై సర్కారు పడవ వచ్చేలోగా అక్కడి వారికి దిక్కు దగ్గరి మత్స్య సంఘం వారి పాత ఫైబర్ పడవ, లేదా పుట్టి. ఆ పడవ అడుగు గట్టిగా ఉన్నదా లేదా అన్నది చేపలు పట్టేవారి సొంత గొడవ మాత్రమే కాదు.

కొత్త పడవ కొంటే ప్రారంభోత్సవం జరుగుతుంది, ఫోటో పడుతుంది. పాత పడవ అడుగు అతికితే రిబ్బను కత్తిరించడానికి ఎవరూ రారు. అందుకేనేమో, కొనడంలో చూపే శ్రద్ధ మరమ్మతులో కనబడదు.

వెనుకటి పుట్టి వెదురు బద్దలతో అల్లి, తోలు కప్పినది. చిల్లు పడితే తోలు ముక్క కుట్టి తారు పూసేవారు. ఫైబర్ పడవకు ఆ వైద్యం పనికిరాదు. గాజు నార చాపలను రెజిన్ అనే జిగురుతో తడిపి, పొరపై పొర వేసి దీనిని తయారు చేస్తారు. పైన మెరిసే రంగు పొర జెల్‌కోటు. అది ఇంచుమించు అర మిల్లీమీటరు మందం మాత్రమే. రాతికట్టు మీద పడవను ఈడ్చినప్పుడల్లా ఆ పొర అరిగిపోతుంది. ఆపైన నీరు గాజు నార వెంట లోపలికి పాకుతుంది. బయటికి గీత మాత్రమే కనబడుతుంది, లోపల అడుగు మెత్తబడుతుంది.

అడుగున బొబ్బలు లేచినా ఇదే రోగం. బొబ్బ చిదిపితే పుల్లని వాసన గల ద్రవం చిమ్ముతుంది. కళ్ళలో పడకుండా చూసుకోవాలి.

పరీక్ష కష్టమేమీ కాదు. పడవను బోర్లించి, రూపాయి బిళ్ళతో అడుగంతా తట్టుకుంటూ పోవాలి. గట్టిగా ఉన్నచోట ఖంగుమంటుంది. చెడినచోట కుళ్ళిన కర్రను కొట్టినట్లు బొద్దు శబ్దం వస్తుంది. నలుగురు ఎత్తే పడవ ఆరుగురికి గాని లేవకుంటే అది నీరు తాగిందన్నమాట. చాలా పడవలలో తేలడానికి లోపల ఫోమ్ నింపుతారు. అది నానిపోతే, మునిగిన పడవను పైకి తేల్చవలసిన వస్తువే కిందికి లాగుతుంది. వరదలో పదిమందిని ఎక్కించుకునే పడవకు ఇది అన్నింటికంటె పెద్ద ప్రమాదం.

మరమ్మతులో ఎక్కువమంది తప్పేది ఆరబెట్టడం దగ్గర. మంచినీటితో కడిగి, గాలి ఆడే నీడలో వారాల తరబడి ఉంచాలి. తడి మీద వేసిన అతుకు ఒక్క వాన కూడా ఆగదు. తరువాత మెత్తబడిన భాగమంతా గట్టి పొర తగిలే వరకు గీకివేయాలి. గుంట అంచు నిట్టనిలువుగా ఉండరాదు, పళ్ళెం అంచులా వాలుగా రావాలి. ఒక మిల్లీమీటరు లోతుకు 12 మిల్లీమీటర్ల వాలు చొప్పున, 5 మిల్లీమీటర్ల అడుగుకు చుట్టూ 6 సెంటీమీటర్లు గీకాలి. లోగడ పూసిన తారు, ఎంసీల్ ఉంటే పూర్తిగా తీసివేయాలి. వాటి మీద మామూలు పాలిస్టర్ రెజిన్ సరిగా అంటుకోదు. కిరోసిన్‌తో తుడవరాదు. దాని జిడ్డు మిగిలి అతుకు ఊడుతుంది. అసిటోన్‌తో తుడవాలి.

ఆపైన చాప ముక్కలు ఒకదానిపై ఒకటి వేస్తూ, రెజిన్‌తో తడిపి, రోలరుతో గాలి బుడగలు పోయేలా నొక్కాలి. గట్టిపరచే మందు సామాన్యంగా కిలో రెజిన్‌కు 10 నుంచి 20 గ్రాములు పడుతుంది. డబ్బాపై రాసిన కొలత వేరుగా ఉంటే దానినే పాటించాలి. కోబాల్ట్ కలపని రెజిన్ అయితే అది కూడా విడిగా కొనవలసి ఉంటుంది. కోబాల్ట్‌ను, గట్టిపరచే మందును నేరుగా ఒకదానిలో ఒకటి పోయరాదు, పేలుతుంది. ముందు ఒకటి రెజిన్‌లో బాగా కలిసిన తరువాతే రెండవది పోయాలి. కళ్ళద్దాలు, ముక్కుకు మాస్కు లేకుండా ఈ పనికి పూనుకోరాదు. దగ్గరలో బీడీ వెలిగించరాదు.

ఎండలు ముదిరితే రెజిన్ చేతిలో ఉండగానే గడ్డకడుతుంది. వానాకాలపు తేమలో సరిగా గట్టిపడదు. కనుక ఫాల్గుణ మాసంలో, ఉదయం పూట ఈ పని పెట్టుకోవడం మంచిది. మృగశిర కార్తె వచ్చాక తొందరపడితే ప్రయోజనం లేదు.

సముద్రపు పడవలకు అడుగున రాగి కలిసిన రంగు వేస్తారు. కాకినాడ, విశాఖ రేవులలో అడుగుకు గవ్వపురుగులు పట్టకుండా అది అవసరం. మన చెరువులలో ఆ పురుగు లేదు. పైగా రాగి చేపలకు విషం. చేపలు పెంచే చెరువులో, తాగునీరు ఇచ్చే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లలో దానిని వాడరాదు. మంచి జెల్‌కోటు చాలు. దానికి తోడు అడుగు నడిమి గీత వెంట అదనంగా రెండు పొరల చాప వేస్తే, రాయి తగిలినప్పుడు ముందు అది అరుగుతుంది. ఒడ్డుకు తీసేటప్పుడు కింద పాత టైర్లు పరిస్తే అంత అరుగుదల కూడా ఉండదు. వాడనప్పుడు నీడన బోర్లించి, రెండు చోట్ల దుంగలపై ఆనించాలి. ఒకే రాయిపై నిలిపితే ఆ చోటే పగులుతుంది.

ఈ పనికి చాప, రెజిన్, రెండు రోజుల కూలి కావాలి. కొత్త పడవ ధరతో పోలిస్తే స్వల్పమే. అయినా అది పేద సంఘాలపై మోపదగిన ఖర్చు కాదు. ఆపదలో వారి పడవను పిలిచే అధికారులే ఏటా వానలకు ముందు ఆ పడవలను లెక్కతీసి, అడుగు తట్టి చూసి, మరమ్మతు సొమ్ము భరించడం న్యాయం. చివరగా మోకాలి లోతు నీటిలో, ఎక్కే మనుషుల బరువుకు సరిపడా ఇసుక బస్తాలు వేసి ఒక పూట ఉంచాలి. సాయంత్రానికి లోపల నీరు చేరితే ఆ పడవను జాబితా నుంచి తీసివేయాలి.