అమ్మ గీసే గీత

కాణిపాకం వరసిద్ధి వినాయకుడి ముందు అబద్ధపు ప్రమాణం చేస్తే శిక్ష తప్పదని చిత్తూరు జిల్లాలో గట్టి నమ్మకం. తగాదాలతో పాటు తాగుడూ అక్కడికి చేరుతుంది. ఇంటివాళ్ళు మనిషిని తీసుకొచ్చి, కోనేట్లో ముంచి, ఇక తాగనని స్వామి ముందు చెప్పిస్తారు. పక్కన భార్యో తల్లో చేతులు జోడించి నిలబడి ఉంటుంది.

ఆ ప్రమాణం కొందరిని నిలబెడుతుంది. దాన్ని ఎగతాళి చేయడం మన పని కాదు. కానీ ప్రమాణం తప్పిన కొడుకును దేవుడు చూసుకుంటాడు సరే, ఆ రాత్రి అతను తలుపు బాదుతుంటే తల్లిని చూసుకునేదెవరు?

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం మనలో చాలామందిని కార్యకర్తల్ని చేసింది. 1993 అక్టోబరులో సారా, 1995 జనవరిలో మద్యమంతా నిషేధమయ్యాయి. మద్య నిషేధం 1997లో పోయింది. ఆనాడు ముప్ఫయ్యేళ్ళున్న ఆడవాళ్ళకి ఇప్పుడు అరవై దాటాయి. మొగుడి తాగుడు మీద రోడ్డెక్కిన మనిషే కొడుకు తాగుడు దగ్గర నోరు మెదపదు. మొగుడు కొడితే అది అతని తప్పేనని చెప్పడం ఎలాగో నేర్చుకున్నాం. కొడుకు కొడితే మాత్రం అది తన పెంపకం తప్పనుకుంటుంది. నిజం చెప్పాలంటే మనమూ అలాగే అనుకుంటాం.

నెల మొదటి తేదీన సచివాలయం నుంచి ఇంటికొచ్చి వేలిముద్ర వేయించుకుని పింఛను ఇచ్చి వెళతారు. 2024 జూలై నుంచి అది 4000 రూపాయలు. తాగే కొడుకున్న ఇంట్లో ఆ డబ్బు పొద్దెక్కేవరకైనా ఆమె చేతిలో నిలవదు. అడిగితే, "యాడికి పోతాడుమా, నేను గాక వానికెవరుండారు?" అంటుంది. ఆ మాటలో ప్రేమ ఉంది, భయమూ ఉంది. రెండూ కలిసిపోయి ఏది ఏదో ఆమెకే తెలియదు.

ఆమెకు మనం చెప్పగలిగింది కొంత ఉంది. ఒళ్ళు బాగున్న మేజరు కొడుకును పోషించమని చట్టం ఏ తల్లినీ అడగదు. ఆమె సొంత ఆస్తిలో, ఆమె బతికుండగా, కొడుక్కి హక్కు లేదు. గృహహింస చట్టం (2005) భార్యలకే అనుకుంటాం గానీ, ఒకే ఇంట్లో ఉంటున్న తల్లి కూడా కొడుకు మీద దాని కింద ఫిర్యాదు చేయవచ్చు. అతన్ని ఇంటినుంచి బయటకు పంపమని మేజిస్ట్రేటును కోరవచ్చు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం (2007) కింద ఆర్డీఓ ట్రిబ్యునల్‌కు వకీలు లేకుండానే అర్జీ పెట్టుకోవచ్చు. ఆమె వెళ్ళలేకపోతే రిజిస్టరైన స్వచ్ఛంద సంస్థ పెట్టవచ్చు. ఇది మనం గుర్తుపెట్టుకోవాల్సిన వీలు. ఇల్లో పొలమో రాసిచ్చేముందు, తనను చూసుకోవాలనే షరతు దస్తావేజులోనే రాయించాలి. షరతు తప్పితే 23వ సెక్షను కింద దాన్ని రద్దు చేయించుకునే దారి ఉంటుంది. ఆ షరతు లేనందుకే ఓడిపోయిన తల్లుల కేసులున్నాయి.

ఒక చిక్కు ఉంది. కొడుకును పంపే అర్జీలో కోడలి పేరూ చేరిపోతుంది. తన్నులు తింటున్నది ఆమె కూడా. 2020 డిసెంబరులో బెంగుళూరుకు చెందిన ఒక కోడలి కేసులో సుప్రీంకోర్టు, వృద్ధుల చట్టాన్ని అడ్డుపెట్టుకుని కోడలి నివాస హక్కును కాదనలేమంది. అత్తకు అర్జీ రాసేటప్పుడు కోడలితో కూడా కూర్చుని మాట్లాడి తీరాలి.

లక్ష్మణరేఖలంటే మనకు పడదు. అవి ఎప్పుడూ మగవాళ్ళు ఆడవాళ్ళ చుట్టూ గీసినవే. ఇక్కడ గీసేది ఆమె. తాగి వస్తే తలుపు తియ్యను, అప్పు తీర్చను, సంతకం పెట్టను. తాగకుండా వస్తే అన్నం పెడతాను, ఆసుపత్రికి తోడొస్తాను. ఈ మాట కొడుక్కి చెప్పాల్సింది అతను తాగి లేనప్పుడు, పొద్దుటిపూట, నలుగురి ముందు. మొదటిసారి చెప్పాక గొడవ పెరుగుతుందే గానీ తగ్గదు. అప్పుడు ఆమె ఒంటరిగా ఉంటే ఆ గీత ఒక్కరోజు కూడా నిలవదు. 112, 181, వృద్ధుల 14567 నంబర్లు గోడమీద రాసిపెట్టడం మంచిదే, అయితే పక్కింటివాళ్ళు లేచి రావడం అంతకంటే ముందు జరగాలి.

వచ్చే మొదటి తేదీన సంఘం నుంచి ఒకరిద్దరు ఆ ఇంటి అరుగు మీద కూర్చోవచ్చు. పింఛను పొద్దున్నే వస్తుంది కాబట్టి పెందలాడే బయల్దేరాలి.