వస్తు నిర్మాణము – సమగ్రదృష్టి

ఎడ్లబండిని చేయు వడ్రంగి పనితనమును శ్రద్ధతో గమనించినవారికి ఒక సంగతి తెలియును. అతడు చక్రమును చేయునప్పుడు చక్రమును మాత్రమే తలచుకొనడు. ఇరుసు ఎంత బరువు మోయవలెను, కాడి ఎడ్ల మెడలపై ఎట్లు ఆనవలెను, బండి నల్లరేగడి బురదలో నడువవలెనా, రాతి బాటపై నడువవలెనా అని ముందుగానే యోచించును. చక్రము ఎంత గట్టిదైనను, ఇరుసు ఆ బరువునకు తాళలేనిదైనచో బండి నడిదారిలో కూలబడును. మంచి భాగములను ఒకచోట చేర్చినంత మాత్రమున మంచి బండి కాదు. ఆ భాగములకు పరస్పరము పొత్తు కుదిరిననే అది బండి యగును.

నేడు మన యిండ్లలోనున్న రేడియో, టెలివిజను, సెల్‌ఫోను మొదలగు ఎలక్ట్రానిక్ వస్తువులకును ఈ నియమమే వర్తించును. భేదమేమనగా, బండిలోని సంబంధములు కంటికి కనబడును, సెల్‌ఫోనులోనివి కనబడవు. కావున అట్టి వస్తువును చేయదలచిన ఇంజనీర్లు ముందుగా దానిలోని సంబంధములను పటములలోనికిని, లెక్కలలోనికిని తెచ్చుకొందురు. ఏ భాగము దేనిపై ఆధారపడియున్నది, ఒకటి మారినచో మరేవి మారును, ఎంత మారును అను విషయములను కంప్యూటరుపై పరీక్షింతురు. దీనినే వ్యవస్థా నమూనా యందురు. వస్తువు పుట్టకముందే దాని గుణదోషములను తెలిసికొనుట దీని ప్రయోజనము. అయితే ఈ నమూనాలో వేనికి చోటుండవలెను? వస్తువులోని భాగములకు మాత్రమేనా, లేక దానిని చేయువారికి, వాడువారికి, తుదకు పారవేయు నేలకును చోటుండవలెనా? అందరికిని చోటుండవలెననియే నా అభిప్రాయము.

మొదట ఒక చిన్న లెక్కను చూతము. సాధారణమైన సెల్‌ఫోను బ్యాటరీపై 5000 మిల్లీ ఆంపియర్ గంటలు అని వ్రాసియుండును. దాని వోల్టేజి సుమారు 3.85 వోల్టులు. ఈ రెంటిని గుణించినచో బ్యాటరీలో నిలువయుండు శక్తి సుమారు 19 వాట్-గంటలని తేలును. ఫోను సగటున ఒక వాటు చొప్పున ఖర్చు చేసినచో 19 గంటలు పనిచేయును. తెర కాంతిని పెంచి ఆటలాడుచు నాలుగు వాట్లు ఖర్చు చేసినచో అయిదు గంటలైనను నిలువదు.

లెక్క ఇంతటితో ముగియలేదు. ఆ నాలుగు వాట్లు ఎక్కడికి పోవును? దాదాపు అంతయు వేడిగా మారును. ఫోనులో సాధారణముగా పంకా ఉండదు. ఆ వేడి దాని ఒంటిగుండానే బయటికి పోవలెను. వేడి హెచ్చినకొలది బ్యాటరీ ఆయువు తగ్గును. తెర పెద్దది కావలెనన్న విద్యుత్తు హెచ్చు కావలెను. అందుకు పెద్ద బ్యాటరీ కావలెను. పెద్ద బ్యాటరీకి చోటు కావలెను. చోటు పెంచినచో ఫోను మందమగును. మందము వలదన్నచో లోపల ఇరుకగును. తెరను గూర్చి యోచించువాడొకడు, బ్యాటరీని గూర్చి యోచించువాడొకడు అయి, ఇరువురును కలిసి కూర్చుండనిచో ఈ చిక్కు విడునా?

తెలిసి కూర్చిన వస్తువు ఎట్లుండునో ఒక పాత ఉదాహరణము చెప్పెదను. 1954వ సంవత్సరమున అమెరికాలో రీజెన్సీ టీఆర్-1 అను చిన్న రేడియో అమ్మకమునకు వచ్చినది. ట్రాన్సిస్టర్లతో చేసి ప్రజలకు విరివిగా అమ్మిన మొదటి జేబు రేడియో అదియే. అంతకు ముందటి రేడియోలలో గాజు వాల్వులుండెడివి. వాటిని వేడిచేయుటకే చాల విద్యుత్తు వలసియుండెడిది. ట్రాన్సిస్టరుతో ఆ బాధ తీరినదిగాని, ఆనాడు దాని వెల చాల హెచ్చు. రేడియో వెల యేమో 49.95 డాలర్లుగా నిర్ణయమైనది. అందుచేత నిర్మాతలు నాలుగు ట్రాన్సిస్టర్లతోనే సరిపుచ్చుకొని, వానిలో ఒకదానిచేత రెండు పనులు చేయించిరి. ఫలితముగా స్వరము పెద్ద రేడియోల స్వరమంత ఇంపుగా లేదు. అయినను అది జేబులో పట్టెను. ఎక్కడికైనను వెంట వచ్చెను. వెల, పరిమాణము, స్వరము, విద్యుత్తు అను నాలుగింటిని ఒక్క త్రాసులో తూచి, దేనిని విడువవలెనో తెలిసి విడిచిరి. తెలిసి విడిచినది త్యాగము. తెలియక పోగొట్టుకొన్నది నష్టము.

తెలియక వచ్చిన నష్టమునకు మన కాలములోనే పెద్ద నిదర్శనమున్నది. 2016 ఆగస్టులో సామ్‌సంగ్ సంస్థ గెలాక్సీ నోట్ 7 అను ఫోనును విడుదల చేసినది. కొలది దినములలోనే కొన్ని ఫోనులు వేడెక్కి మండినవి. సెప్టెంబరులో సంస్థ సుమారు 25 లక్షల ఫోనులను వెనుకకు తీసికొనుటకు నిశ్చయించి, మరియొక నిర్మాత చేసిన బ్యాటరీలతో కొత్త ఫోనుల నిచ్చినది. అవియు మండినవి. అక్టోబరులో ఆ ఫోను తయారీనే మానుకొనిరి. తరువాత సంస్థవారు 2,00,000కు పైగా ఫోనులను, 30,000కు పైగా బ్యాటరీలను పరీక్షించి, 2017 జనవరిలో కారణములు ప్రకటించిరి. మొదటి రకము బ్యాటరీలలో ఒక మూలయందు చాలినంత చోటు లేక లోపలి రేకు వంగినది. రెండవ రకము వానిలో వెల్డింగు చేసినచోట లేచిన లోహపు మొనలు లోపలి పొరను చొచ్చుకొని పోయినవి.

ఈ రెండు దోషములను పోల్చి చూడుడు. మొదటిది కొలతలలోని ఇరుకువలన కలిగినది. రెండవది కర్మాగారములో జరిగిన పనివలన కలిగినది. రోగమేదో తెలియకముందే మందు మార్చినట్లు, ఒక భాగమును తీసి అట్టిదే మరియొక భాగము నమర్చినంతనే చిక్కు తీరునని తలచుట ఎంత ప్రమాదమో దీనివలన తెలియుచున్నది. నమూనాలో వస్తువు మాత్రమే ఉన్నచో చాలదు. దానిని చేయు యంత్రమును, అతుకు వేయు పనియు, ఆ పనికి దొరకు వ్యవధియు అందులో నుండవలెను.

"నమూనా యనునది కాగితపు పని. చేసి చూచిననే నిజము తెలియును" అని కొందరందురు. వారి మాటలో కొంత సత్యము లేకపోలేదు. ఏ నమూనాయు ప్రపంచమునంతను తనలో ఇముడ్చుకొనజాలదు. వెల్డింగు మొన ఎంత ఎత్తు లేచునో కర్మాగారమునకు పోయి కొలిచిననేగాని తెలియదు. కాని ఎక్కడ కొలువవలెనో చెప్పునది నమూనాయే. పటము లేనివాడు అంతటను వెదకవలెను. పటమున్నవాడు సందేహమున్నచోటనే వెదకును. పైగా చేసి చూచుటయన్నది ప్రజల జేబులలో జరుగరాదు గదా! ఆ రెండు లక్షల ఫోనుల పరీక్ష మంటలు లేచిన తరువాత జరిగినది. ముందే జరిగియుండిన ఎంత బాగుండెడిది!

ఇక వాడువారి సంగతి. ఫోను చల్లని పరీక్షాగారములో మాత్రమే ఉండదు. మే మాసపు టెండలో బస్సు కిటికీ ప్రక్కనుండును. రాత్రి దిండుక్రింద చార్జరుతో సహా ఉండును. వీనిని లెక్కలోనికి తీసికొననివాడు సగము వస్తువునే చేసినవాడగును. చార్జరు మాటయు అట్టిదే. ప్రతి సంస్థయు తన ఫోనునకు తగిన ప్లగ్గును తానే చేసికొనుట ఆ సంస్థ దృష్టిలో సబబుగనే తోచవచ్చును. ఇల్లంతయు చూచిననో, పనికిరాని తీగల కుప్ప కనబడును. ఈ కారణముననే ఐరోపా సమాఖ్యలో 2024 డిసెంబరు 28 నుండి కొత్త సెల్‌ఫోనుల కన్నింటికిని యూఎస్‌బీ-సీ అను ఒకే విధమైన చార్జింగు ద్వారము ఉండవలెనను నియమము అమలులోనికి వచ్చినది. ఒక్కొక్క వస్తువును విడిగా చూచినచో ఈ పరిష్కారము తోచెడిది కాదు.

కడపటి మాట పారవేయుటను గూర్చినది. ఐక్యరాజ్యసమితి సంస్థల లెక్క ప్రకారము 2022లో ప్రపంచమున 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థములు పోగైనవి. వానిలో సక్రమముగా సేకరించి శుద్ధిచేసినట్లు లెక్కకు వచ్చినవి 22.3 శాతము మాత్రమే. బ్యాటరీని జిగురుతో అతికించినచో ఫోను సన్నగా నుండవచ్చును. కాని బ్యాటరీ చెడిననాడు ఫోనంతయు చెత్తకుప్ప చేరును. ఆ కుప్పలోని తీగలను కాల్చి రాగిని తీయు పేదవాని ఊపిరికి ఆ విషపు పొగ తగులును. అతడు ఆ ఫోనును ఏనాడును కొనలేదు. అయినను దాని వెలలో ఒక భాగమును తన ఆరోగ్యముతో చెల్లించుచున్నాడు. మన దేశమున 2023 ఏప్రిల్ 1 నుండి అమలైన ఎలక్ట్రానిక్ వ్యర్థముల నియమములు ఉత్పత్తిదారులపైకూడ ఈ బాధ్యతను మోపినవి. అది న్యాయమే. ఏలయన, వస్తువు విప్పుటకు వీలుగా నుండునా, లేదా అను సంగతి దానిని గీచిన మొదటి దినముననే నిర్ణయమగుచున్నది.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు ఇంజనీర్లు కావచ్చును. అందరును వస్తువులను కొని వాడువారే. నేడే ఒక టార్చిలైటును తీసికొని కాగితముపై దాని భాగములు వ్రాయుడు: ఘటము, స్ప్రింగు, మీట, దీపము, అద్దము. ఏది దేనిపై ఆధారపడినదో గీతలతో కలుపుడు. పిదప ఆ కాగితముపైననే దానిని వానలో పట్టుకొను చేతిని, ఘటము అయిపోయిన పిదప అది చేరు స్థలమును కూడ గుర్తింపుడు. మీ టార్చిలైటులో ఏమి మార్చవలెనో అప్పుడు మీకే తోచును.