తోమితే పోయిన పేరు

ముందే ఒప్పేసుకుంటున్నా. మా ఇంట్లో దొరికిన ఒక పాత తుపాకి మీద ఉన్న గుర్తుల్ని చెరిపేసింది నేనే. ఏదో దాచాలని కాదు, శుభ్రం చేద్దామని!

మా తాత డ్యాం పనికొచ్చి నందికొండ హిల్ కాలనీలో స్థిరపడ్డాడు. పెద్దవూర దిక్కు ఊళ్ళో మా పాత ఇల్లు మాత్రం అట్లాగే ఉండిపోయింది. పోయిన ఎండాకాలం సెలవుల్లో దాని గూన పెంకులు దించుతుంటే అటక మీద గోనెసంచిలో చుట్టి ఇది దొరికింది. నాలుగున్నర అడుగుల పొడవు. ఒళ్ళంతా తుప్పు, బట్‌కు ఇత్తడి పట్టీ. నాయనమ్మ చూడగానే, "మీ ముత్తాతది. రజాకార్ల చేతుల్లోంచి గుంజుకున్నడు" అంది. పక్కింటి పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, "మీ ముత్తాత గడీల కావలి ఉండె. అది దొరది బిడ్డా" అన్నాడు.

ఒకే తుపాకి, రెండు కథలు. ఒక కథలో మా ముత్తాత దొరకు ఎదురు నిలబడ్డాడు. రెండో కథలో దొర వాకిట్లో నిలబడ్డాడు.

ఇవేం పట్టకుండా నేను అరుగు మీద కూర్చుని, వర్క్‌షాప్ ల్యాబ్ నుంచి తెచ్చుకున్న ఎమరీ పేపర్ తీశా. నాయనమ్మ చెంబులు తోమే చింతపండు కూడా పెట్టుకున్నా. అరగంటలో ఇత్తడి పట్టీ బంగారంలా మెరిసింది. లాక్ ప్లేట్ సగం వెండిలా అయింది. ఫొటో తీసి గ్రూప్‌లో పెట్టా. యాభై మంది "సూపర్ మామా" అన్నారు. ఒక సీనియర్ మాత్రం, "పట్టీ మీద నంబర్ ఉండాలి కదరా, ఏది?" అని అడిగాడు.

లేదు. పొద్దున వరకు ఉండేది.

ఈ వ్యాసం ఆ నంబర్ గురించే. నా వాదన ఒక్కటే: పాత ఆయుధాన్ని కొత్తదానిలా చెయ్యడం శుభ్రం చెయ్యడం కాదు. అది సాక్ష్యాన్ని తుడిచెయ్యడం. మన జిల్లాలో ఆ తప్పు ఇంకా ఎక్కువ తప్పు.

ఎందుకంటే ఇది నల్లగొండ. 1946 జూలై 4న దొడ్డి కొమురయ్య తుపాకి గుండుకు నేలకొరిగిన కడవెండి అప్పుడు ఈ జిల్లాలోదే. జనం చేతుల్లో మొదట ఉన్నవి వడిసెలలు, కర్రలు, కారప్పొడి. తర్వాత తుపాకులు వచ్చాయి, అందులో చాలావరకు అవతలివాళ్ళ దగ్గర గుంజుకున్నవే. గొట్టం మూతిలోంచి మందూ గుండూ కూరి పేల్చే వాటిని భర్మార్ అనేవాళ్ళు. 1948 సెప్టెంబర్ 17న నిజాం లొంగిపోయాడు. పోరాటాన్ని విరమించింది 1951 అక్టోబర్‌లో. ఈ ఐదేళ్ళలో ఒకే తుపాకి ఎన్ని చేతులు మారి ఉంటుందో! మనుషులు తలోమాట చెబుతారు. ఇనుము మీద కొట్టిన అక్షరానికి మాత్రం మాట మార్చడం రాదు.

మరి ఆ అక్షరం ఎక్కడ ఉంటుంది? బ్రిటిష్ సైనిక భర్మార్‌కైతే లాక్ ప్లేట్ మీద, గుర్రం వెనకపక్క కిరీటం, ముందుపక్క తయారైన చోటు, సంవత్సరం ఉంటాయి. ఈస్టిండియా కంపెనీవైతే వాటి మీద సింహం బొమ్మ కనిపిస్తుంది. బట్ చివరి ఇత్తడి పట్టీ మీద పటాలం గుర్తు, తుపాకి నంబర్ కొట్టేవాళ్ళు. త్రీనాట్‌త్రీలకైతే బోల్ట్ పిడి దగ్గర, బట్ మొదట్లో ఉన్న ఉక్కు పట్టీకి కుడివైపు చూడాలి. మన దేశంలో ఇషాపూర్‌లో చేసినవాటి మీద ఆ ఊరి పేరు, సంవత్సరం ఇంగ్లిష్‌లో ఉంటాయి. కమ్మరి కొలిమిలో తయారైన నకళ్ళకూ కిరీటాలు ఉంటాయి, కాకపోతే అక్షరాలు తప్పుతాయి. కైబర్ కనుమ దగ్గర చేసిన నకళ్ళు తిరగబడిన అక్షరాలకే పేరుపడ్డాయి. అంటే తప్పుగా ఉన్న అక్షరం కూడా సమాచారమే. దాన్నీ రుద్దకూడదు.

మాదాంట్లో గొట్టం లోపల మెలిగాళ్ళు లేవు, నున్నగా ఉంది. మూతి వ్యాసం వెర్నియర్‌తో చూస్తే పదహారున్నర మిల్లీమీటర్లకు కాస్త పైన. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్ గొట్టం 14.7 మిల్లీమీటర్లు, లోపల మెలిగాళ్ళుంటాయి. 1857 తిరుగుబాటు తర్వాత భారతీయ సిపాయిలకు అంత గురి ఉన్న తుపాకి ఇవ్వడానికి భయపడి, అదే ఆకారంలో నున్నటి, వెడల్పు గొట్టంతో వేరే రకం చేశారు. దాని కొలత సుమారు 16.7. మాది దానికి దగ్గరగా ఉంది. ఇంతవరకు కొలతలు చెప్పాయి. ఆ పటాలం నుంచి మా అటక దాకా అది ఎలా వచ్చిందో వెతకడానికి ఉన్న ఒకే ఒక్క దారం ఆ నంబర్.

ఇప్పుడు అన్నిటికన్నా సిగ్గుపడాల్సిన సంగతి. ఆ అరగంటసేపూ గొట్టం మూతి నా పొట్ట వైపే ఉంది. నాయిన చూసి గట్టిగా అరిచి, దాన్ని కింద పెట్టించి స్టేషన్‌కు ఫోన్ చేశాడు. ఆయుధాలు తెలిసిన ఒక పోలీసాయన వచ్చి, సన్నటి కర్రను మూతిలోంచి దింపి, మూతి దగ్గర గీత పెట్టి, బయటికి తీసి గొట్టం పక్కన ఆనించి చూపించాడు. లోపల ఖాళీ ఉంటే కర్ర నిప్పు రంధ్రం దాకా రావాలి. నాలుగు వేళ్ళు తక్కువ వచ్చింది. దాన్ని తీసుకెళ్ళి విప్పితే ముందు కుమ్మరి పురుగు గూడు, తర్వాత గుడ్డపీలిక, దాని కింద గడ్డకట్టిన తుపాకి మందు! "బిడ్డా, మందుకు ముసలితనం రాదు" అన్నాడాయన. అందుకే చెబుతున్నా: కర్ర పరీక్ష కూడా మనం చెయ్యొద్దు. ఎంత పాతదైనా లోడై ఉందనే అనుకుని, కదపకుండా పోలీసులకు చెప్పాలి.

"చెబితే కేసవుతుంది" అని భయపడి బావిలో పారేసినవాళ్ళ గురించి విన్నాను. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్‌లో పాత, పురావస్తు విలువ ఉన్న ఆయుధాలకు మినహాయింపు ఉంది. కానీ అది మరమ్మతు చేసినా పేలని స్థితిలో ఉంటేనే. ఆ సంగతి తేల్చాల్సింది మనం కాదు. కాబట్టి దొరికిన రోజే చెప్పెయ్యడం మేలు.

ఇక శుభ్రం సంగతి. పరీక్షించి, ఖాళీ అని తేల్చి, ఉంచుకోవచ్చని చెప్పిన వస్తువుకే ఇది. మొదటి పనిముట్టు కెమెరా. టార్చ్‌ను పక్క నుంచి ఏటవాలుగా కొట్టి ప్రతి అంగుళాన్నీ ఫొటో తియ్యాలి, అరిగిన అక్షరాలు నీడల్లో లేస్తాయి. చేతులకు గ్లౌజులు వేసుకోవాలి, చెమటలో ఉప్పు ఉంటుంది. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపాలి. ఎర్రగా పొడిలా రాలే తుప్పు ఇంకా తింటున్న తుప్పు. నల్లగా, గోధుమ రంగులో గట్టిగా అంటుకున్న పొర నిలకడైనది, లోపలి ఇనుముకు అది దుప్పటి లాంటిది. మొదటిదాన్ని కుట్టుమిషన్ నూనె అద్దిన మెత్తటి గుడ్డతో కొంచెం కొంచెంగా తుడవాలి, రెండోదాన్ని వదిలెయ్యాలి. కర్రకు నూనె తగలనివ్వొద్దు. మరలు విప్పొద్దు. చివర్లో మ్యూజియంల వాళ్ళు వాడే మైనం పల్చగా పూస్తే చాలు. మళ్ళీ గోనెసంచిలో చుట్టొద్దు, అది తేమను పట్టి ఉంచుతుంది.

ఇత్తడికి అమోనియా ఉన్న పాలిష్ వద్దు. మెటీరియల్స్ క్లాసులో "సీజన్ క్రాకింగ్" అని బట్టీ పట్టాం కదా, అది పుట్టింది మన దేశంలోనే. బ్రిటిష్ సైన్యం వానాకాలంలో తూటాలను గుర్రపుశాలల్లో పెడితే ఇత్తడి తొడుగులు పగిలిపోయేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియా వల్లేనని 1921లో తేల్చారు. పరీక్షలో రెండు మార్కులకు రాసినప్పుడు అది మా అటక మీది వస్తువుకూ పనికొస్తుందని తట్టలేదు.

"తుప్పుతో ఉంచితే పెద్దల్ని అవమానించినట్టు కాదా?" అని మా పెద్దనాయిన అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. దసరా వస్తోంది. ఆయుధ పూజకని పాత కత్తుల్నీ తుపాకుల్నీ నిమ్మకాయతో రుద్ది మెరిపించే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. నిమ్మరసం యాసిడే కదా, ఏడాదికొక పొర తీస్తుంది. పూజ మానమని అనను. కుంకుమ బొట్టు పక్కన పళ్ళెంలో పెట్టండి, ఇనుము మీద కాదు.

మా నందికొండ వాళ్ళకు ఇది ఒకరు చెప్పాల్సిన పని లేదు. సాగర్ నీళ్ళు రాకముందు లోయను తవ్వి, కట్టడాల్ని ఇటుక ఇటుకా విప్పి, కొండ మీదా అనుపులోనూ మళ్ళీ నిలబెట్టిన చోటు మాది. పగిలిన శిల్పానికి కొత్త ముక్కు అతికించలేదు. పగిలింది పగిలినట్టే మ్యూజియంలో పెట్టారు, అందుకే నమ్ముతాం.

తుపాకి ఇప్పుడు స్టేషన్‌లో ఉంది. మ్యూజియంకు చేర్చమని నాయిన అర్జీ పెట్టాడు. దానికి జతగా వివరాల కాగితం రాసింది నేను. పొడవు రాశా, వ్యాసం రాశా. "గుర్తులు" అన్నచోట చాలాసేపు ఆగి, "లాక్ ప్లేట్ మీద సగం కిరీటం. బట్ పట్టీ మీద 7 లాంటి ఒక అంకె. మిగతావి ఈ సంవత్సరం ఎమరీ పేపర్‌తో చెరిగిపోయాయి" అని నిజమే రాశా.

నాయనమ్మ ఇంకా రజాకార్ల కథే చెబుతోంది. పక్కింటి పెద్దాయన గడీ కథే చెబుతున్నాడు. ఇద్దరికీ ఎనభై దాటాయి. మీ ఇళ్ళల్లో అటకలుంటే, అలాంటి పెద్దవాళ్ళుంటే, ఈ దసరా సెలవుల్లో ముందు వాళ్ళ మాటలు రికార్డ్ చేసుకోండి. అటక మీద ఏదైనా కనిపిస్తే దూరం నుంచే ఫొటో తీసి, ఫోన్ చెయ్యండి. ఎమరీ పేపర్‌ను మాత్రం ల్యాబ్‌లోనే ఉంచి రండి.