ఎనమండుగురి జట్టు

రాంనగర్ నుండి అశోక్ నగర్ మీదుగా దోమలగూడకు నడిచి పోవచ్చును. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ సంస్థ రాష్ట్ర కార్యాలయ మచ్చటనే కలదు. రాంనగర్ బడిలో మెడకు రుమాలు చుట్టుకొన్న బాలుడు తనపై అధికారమంతయు ఆ కార్యాలయముదే యని తలచును. ఆ తలంపు సగమే నిజము.

దేశమునకంతటికి ఢిల్లీలో జాతీయ కార్యాలయమున్నది. దానిక్రింద రాష్ట్రశాఖలు, వాని క్రింద జిల్లాశాఖలు, స్థానిక సంఘములు, కడపట బడిలోని దళములు. రైల్వేలకు వేఱుగా శాఖలుండుట యొక విశేషము. దక్షిణ మధ్య రైల్వే శాఖ తెలంగాణ శాఖకు లోబడినది కాదు, దానితో సమానమైనది. కావున ప్రక్కప్రక్క యిండ్ల బాలు రిరువురు వేర్వేరు శాఖలవారు కావచ్చును. వారు చేయు ప్రతిజ్ఞ మాత్ర మొక్కటే.

ఈ యైక్యము మొదటినుండి యున్నది కాదు. 1907లో ఇంగ్లండున బేడెన్ పవెల్ ఆరంభించిన యుద్యమము 1909లో మనదేశమునకు వచ్చినను, భారతీయ బాలురకు మొదట నందు ప్రవేశము లేకుండెను. ఆ యవమానమును సహింపక అనిబిసెంటు 1916లో మద్రాసున భారతీయ బాలురకై వేఱొక సంఘమును స్థాపించెను. ఉత్తరదేశమున మదనమోహన మాలవీయ, హృదయనాథ కుంజ్రూ ప్రభృతులు సేవాసమితి స్కౌటు సంఘమును నెలకొల్పిరి. స్వాతంత్ర్యానంతరము 1950 నవంబరు 7న స్కౌటు సంఘము లేకమయ్యెను. 1951 ఆగస్టు 15న బాలికల గైడు సంఘమును అందు చేరెను.

ఇన్ని యంతస్తులు దేనికొఱకు? ఆరుగురు మొదలు ఎనమండుగురు వఱకు పిల్లలుండు చిన్నజట్టు కొఱకే. దీనిని పెట్రోల్ అందురు. (బండిలో పోయు పెట్రోలునకును దీనికిని సంబంధము లేదు!) నాయకుడు ఆ పిల్లలలో నొకడే. ఎవరు వండవలెను, ఎవరు గుడారము వేయవలెను అని పనులు పంచువాడు అతడు. నాయకులందరు కూడి దళపు కార్యక్రమమును, తప్పొప్పులను విచారింతురు. స్కౌటు మాస్టరు వారికి సలహాదారు.

కాని కొన్ని బడులలో మాస్టరే సర్వమును ఆజ్ఞాపించును. గణతంత్ర దినమున వరుసకు ముందు నిలుచుటయే నాయకుని పని. ధ్రువపత్రములు మాత్రము వచ్చుచుండును. అట్టి బడికి కార్యాలయపు పుస్తకములలో దళమున్నను, నిజమునకు లేనట్లే.

పిల్లలు పొరపాట్లు చేయుదురు గదా యని పెద్దలందురు. చేయుదురు. గుడారము కూలును, అన్నము మాడును. మాడిన యన్నము తిన్న జట్టులో, మఱునాడు వంట వంతు వచ్చినవాడు పొయ్యి విడిచి కదలడు.