తాళపుచెవి పోయినవాని గతి

2022 జులైలో గాంధీనగరమున జరిగిన డిజిటల్ ఇండియా వారోత్సవమున ప్రధానమంత్రి ‘మేరీ పెహచాన్’ అను ఏకప్రవేశ వ్యవస్థను ప్రారంభించిరి. డిజీలాకర్, ఈ-ప్రమాణ్, జన్ పరిచయ్ అను మూడింట దేనియందైనను నమోదైన పౌరుడు, శాఖకొక పాస్‌వర్డును కంఠస్థము చేయు ప్రయాసమునుండి విముక్తుడై, ఒక్క లాగిన్‌తోనే నానావిధ ప్రభుత్వ సేవలను పొందవలెనన్నది దీని యుద్దేశము. పాస్‌వర్డులన్నింటిని చీటీపై వ్రాసి నెట్ సెంటరువాని కప్పగించు నలవాటుకంటె నిది మేలనుటకు మేము వెనుదీయము.

కాని యన్ని తలుపులకును ఒకే తాళపుచెవి యైనపుడు, అది పోగొట్టుకొనినవాడు ఒక్క గదికి గాక ఇంటికే వెలుపలివాడగును. ఆ తాళపుచెవి ఆచరణలో చాలమందికి సెల్‌ఫోను నంబరు, దానికి వచ్చు ఓటీపీ. జగిత్యాలనుండియో నిజామాబాదునుండియో గల్ఫునకు బోయి, ఏండ్లు గడచిన గాని యిల్లు చేరని కార్మికుని సిమ్ము, రీఛార్జి లేక రద్దగుట వింత గాదు. అట్లు రద్దైన నంబరును కనీసము 90 దినములవఱకు అన్యులకు కేటాయింపరని టెలికాం నియంత్రణ సంస్థ 2023లో సుప్రీంకోర్టునకు విన్నవించినది. ఆ పిమ్మట నేమగునో వేఱుగ జెప్పనక్కఱలేదు. ఈతని ఓటీపీ యెవరి చేతనో మ్రోగును, ఈతని భూమి పత్రమును పింఛను దరఖాస్తును ఈతనికే యందకుండును.

ధ్రువీకరణము విఫలమైనంతమాత్రమున అర్హునికి లబ్ధి నిరాకరింపరాదని 2018 నాటి ఆధార్ తీర్పున సుప్రీంకోర్టు స్పష్టపఱచినది. ఆ ధర్మము రేషను దుకాణమునకే గాని లాగిన్ తెరకు వర్తింపదా? ఇక, ఎవరెప్పుడే సేవను గోరిరో యొక్కచోటనే తెలియు నవకాశ మింకొక భయము. ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు నిచ్చు నధికారమును కేంద్రమునకే యొసగిన 2023 నాటి వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టము ఇందు చాలినంత రక్ష గాజాలదు.

కావున మా కోరిక యిది. లాగిన్ తెగిపోయిన పౌరుడు మీసేవ కేంద్రమునకో గ్రామ సచివాలయమునకో వచ్చినయెడల, అన్య నిదర్శనములతో వానిని గుర్తించి మూడు దినములలో ఖాతాను పునరుద్ధరింపవలసిన బాధ్యత పేరుగల యొక యధికారిపై చట్టముచే నుండవలెను. ఆలోపల కాగితపు దరఖాస్తును స్వీకరింపవలెను. తిరస్కరించినచో కారణమును వ్రాసి యీయవలెను. ఈ యేర్పాటు జరుగువఱకు ఏ శాఖయు తన కౌంటరును మూయరాదు.